గుండె దడ ఉన్నా గొంతు పెగులుతుంది

క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో రాత పరీక్ష గట్టెక్కిన విద్యార్థులు చాలామంది జామ్ (జస్ట్ ఎ మినిట్) రౌండ్ దగ్గర ఆగిపోతుంటారు. టాపిక్ ఇస్తారు, ఒక్క నిమిషం మాట్లాడమంటారు. కోడింగ్‌లో తిరుగులేని కుర్రాడు నాలుగు వాక్యాలు చెప్పి నేలచూపులు చూస్తాడు. హాస్టల్లో గలగలా మాట్లాడే అమ్మాయికి అక్కడ గొంతు పెగలదు. వీళ్లలో ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: ‘‘ముందు ఈ భయం పోవాలి సార్, అప్పుడు మాట్లాడతాను.’’ ఆ వరసే తిరగబడాలి. మాట్లాడగా మాట్లాడగా భయం తగ్గుతుంది. అప్పుడు కూడా కొంత మిగిలే ఉంటుంది, ఆ కొంతతోనే పని జరిగిపోతుంది.

నలుగురిలో లేచి నిలబడగానే శరీరం అడ్రినలిన్ విడుదల చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, నోరెండిపోతుంది, చేతులు చల్లబడతాయి. ఇది పిరికితనం కాదు. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1993లో ప్రకటించిన ఒత్తిడి పరీక్షను చూడండి. మనిషిలో ఒత్తిడి పుట్టించడానికి వాళ్లు ఎంచుకున్న పని ఏమిటో తెలుసా? ఉద్యోగానికి నేనే తగినవాణ్నని ప్యానెల్ ముందు అయిదు నిమిషాలు మాట్లాడటం! తర్వాత 1022 నుంచి 13 చొప్పున తీసివేస్తూ పైకి లెక్క చెప్పాలి. ప్యానెల్ సభ్యులు నవ్వరు, తలూపరు. కావాలనే అలా కూర్చుంటారు. ఆ పరీక్షలో పాల్గొన్నవారిలో ఎక్కువమందికి ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెరిగింది. అంటే ఇంటర్వ్యూ గదిలో మీకు కలిగే దడ మీ ఒక్కరి లోపం కాదు. హెచ్‌ఆర్ అధికారి ముఖంలో ఏ భావమూ లేకపోతే మీ జవాబు నచ్చలేదని అనుకోనక్కర్లేదు, చాలామంది అందరి ముందూ అలాగే కూర్చుంటారు.

ఈ దడను అణచేయాలని పెనుగులాడితే శ్రమంతా దానికే ఖర్చవుతుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రసంగానికి ముందు ‘నేను ప్రశాంతంగా ఉన్నాను’ అనుకున్నవారి కన్నా ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అని పైకి అనుకున్నవారు మెరుగ్గా మాట్లాడారు. ఉత్సాహంలోనూ గుండె వేగంగానే కొట్టుకుంటుంది కాబట్టి ఆ మాటను శరీరం తేలిగ్గా ఒప్పుకుంటుంది.

ఇంకో సంగతి నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. మన కంగారంతా ఎదుటివాళ్లకు తెలిసిపోతోందని మనం అనుకుంటాం. నిజానికి అందులో కొంతే బయటికి కనిపిస్తుంది. సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో ఈ సంగతి ముందే తెలుసుకున్న విద్యార్థులు మిగతావారి కన్నా బాగా మాట్లాడారు. కంగారు సహజమే, పట్టించుకోకు అని ఊరికే ధైర్యం చెప్పించుకున్నవారికి అంత మేలు జరగలేదు. తల్లిదండ్రులు, లెక్చరర్లు ఇది గమనించాలి. ‘భయపడకు’ అనడం కన్నా ‘నీ వణుకు మాకు అంతగా కనిపించలేదు’ అని ఉన్న మాట చెప్పడం పిల్లలకు ఎక్కువ సాయం.

మరి సాధన ఎలా? చాలామందికి దడ అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది మొదటి నిమిషంలోనే, తర్వాత దానంతటదే దిగుతుంది. అందుకే మొదటి రెండు మూడు వాక్యాలు నిద్రలో లేపినా చెప్పగలిగేలా ఉండాలి. మిగతాది బట్టీ పట్టకండి. బట్టీ పట్టిన సెల్ఫ్ ఇంట్రోలో ఒక్క పదం జారితే వెనకున్నదంతా జారిపోతుంది. చెప్పాల్సిన మూడు అంశాలు వరుసగా గుర్తుంటే చాలు, వాక్యాలు అప్పటికప్పుడు వస్తాయి. లోపలికి వెళ్లేముందు ఊపిరి పీల్చిన దానికన్నా వదలడం నెమ్మదిగా సాగేలా కొన్నిసార్లు చేయండి. ఖాళీ కడుపున వరసగా టీలు తాగకండి, దడ ఇంకా పెరుగుతుంది.

అద్దం ముందు సాధన సరిపోదు, అద్దం అడ్డు తగలదు కదా. మన అష్టావధానంలో అవధాని పద్యాలు అల్లుతుంటే అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు మధ్యలో ఏవేవో అడిగి ఏకాగ్రత చెడగొట్టాలని చూస్తాడు. అవధాని అతనికి జవాబిచ్చి మళ్లీ పద్యం దగ్గరికి వస్తాడు. గ్రూప్ డిస్కషన్ (జీడీ)కి సిద్ధమయ్యేవారు ఈ పద్ధతిని అరువు తెచ్చుకోవాలి. నలుగురు స్నేహితులు కూర్చుని ఒకరిని ఆ పనికే పెట్టండి. ఇంకొకరు మాట్లాడుతుంటే అతను అడ్డుపడాలి, ఫోన్ మోగించాలి, సంబంధం లేని ప్రశ్న వేయాలి. అలాంటి చోట నిలబడి మాట పూర్తిచేసినవారికి అసలు జీడీలో గోల కొత్తగా అనిపించదు. క్లాసులో వారానికోసారైనా సందేహం పైకి అడగడం, సెమినార్‌కు పేరివ్వడం కూడా సాధనే. హైదరాబాద్‌లో ఉంటే ప్రసంగాలు సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్‌లు ఉన్నాయి. అక్కడ తొలి ప్రసంగం నాలుగు నుంచి ఆరు నిమిషాలు, మీ గురించి మీరు చెప్పుకోవడమే.

మధ్యలో మాట మరిచిపోతే? ఆగండి. మీకు యుగంలా అనిపించే ఆ విరామం వినేవారికి రెండు క్షణాలే. చివరగా చెప్పిన వాక్యాన్ని ఇంకో రకంగా చెప్పండి, తర్వాతి అంశం చాలాసార్లు అదే గుర్తొస్తుంది.

భయం మూలంగా వైవాలు ఎగ్గొట్టడం, కాలేజీకే వెళ్లకపోవడం దాకా వస్తే మాత్రం ఈ చిట్కాలతో సరిపెట్టకండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

తెలుగు మీడియం విద్యార్థుల్లో చాలామందికి ఉన్నది మాట్లాడాలంటే భయం కాదు, ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే భయం. ఈ రెంటినీ విడదీసి చూడాలి. సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాసినవారు 275 మార్కుల ఇంటర్వ్యూకీ తెలుగులోనే హాజరు కావచ్చు. ప్రైవేటు కంపెనీల్లో ఆ వీలు చాలావరకు ఉండదు. కాబట్టి మీ ప్రాజెక్టు గురించి ముందు అమ్మకో నాన్నకో తెలుగులో చెప్పండి. వాళ్లకు అర్థమయ్యిందంటే విషయం మీద మీకు పట్టు దొరికినట్టే. తర్వాత అదే వరసలో చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. వ్యాకరణం తప్పులు ఆ రోజుకి వదిలేసి, ఎక్కడ తొందరపడ్డారో అది మాత్రం చూసుకోండి. మర్నాడు అదే విషయం ఇంకాస్త నిదానంగా చెప్పండి.