బడిజీతము – బీదపిల్లల చదువు

బీదపిల్లలు బడికి రాకుండుట చదువుపై అశ్రద్ధవలననే యని కొందఱు తలంతురు. కెన్యాదేశమున జరిగిన సంగతి చూడుడు. అచ్చట 2003 జనవరిలో ప్రాథమికపాఠశాలలయందు జీతము తీసివేయబడెను. వెంటనే పదిలక్షలకు మించి పిల్లలు క్రొత్తగా చేరిరి. కావున వారిని ఆపినది అశ్రద్ధ కాదు, లేమియే. బాల్యమున బడి నెఱుగని కిమానీ మరూగె యను వృద్ధుడు 2004లో, తన 84వ యేట, చిన్నపిల్లల నడుమ ఒకటవ తరగతిలో కూర్చుండెను.

అయినను జీతము పోయినంతనే కష్టము తీఱలేదు. తరగతులు క్రిక్కిఱిసెను; ఉపాధ్యాయులు చాలకపోయిరి; బట్టలకు వ్యయము తప్పలేదు.

మనదేశమున 2010 ఏప్రిల్ 1 నుండి, 6 మొదలు 14 ఏండ్లవారికి ఉచితవిద్య శాసనసిద్ధమైన హక్కు. విద్యార్థులారా! మీ ప్రక్కచోటు ఖాళీగా నున్నచో, ఆ బాలుడేల రాలేదో విచారింపుడు.