గాన ఫలం

చిత్తూరు నుండి తిరుపతికి పోయే దారిలో పూతలపట్టు ఉంది. ఆ దారి వెంబడి ఊళ్ళలో తెల్లవారుజామున దశాబ్దాలపాటు మ్రోగిన కంఠం ఎం.ఎస్. సుబ్బులక్ష్మిది. ఆమె గానం చేసిన వేంకటేశ్వర సుప్రభాతాన్ని హెచ్.ఎం.వి. సంస్థ 1963లో రికార్డుగా వెలువరించింది. దానిపై తనకు రావలసిన రాయల్టీని ఆమె తిరుమల తిరుపతి దేవస్థానముల వేదపాఠశాలకు సమర్పించారు.

కచేరీ చేసి ఇచ్చే విరాళం వేరు. కస్తూర్బా స్మారక నిధి మొదలుకొని ఎన్నో సత్కార్యాలకు ఆమె అలా పాడారు. అక్కడ ఇచ్చే సొమ్ము ఎంతో దాతకు తెలుసు. ఒక్క రాత్రితో ఆ త్యాగం ముగుస్తుంది. రాయల్టీ అటువంటిది కాదు. రికార్డు అమ్ముడైనప్పుడల్లా దాని వెలలో స్వల్పభాగం కళాకారునికి చేరుతుంది. అది ఎంతగా పెరుగుతుందో ముందుగా ఎవరూ ఊహించలేరు. ఊహకందని ఆ రాబడినే ఆమె వదులుకున్నారు. రికార్డు కొన్న పల్లెవాసి సైతం, తనకు తెలియకుండానే, ఒక వేదవిద్యార్థి పోషణకు తోడ్పడ్డాడు. అతని నుండి అదనంగా ఒక్క పైసా అడిగినవారు లేరు.

1974లో ఆమెకు రామన్ మెగసెసె పురస్కారం లభించింది. అది ప్రజాసేవకు ఇచ్చినది కావడం గమనార్హం.

ఇంత ఇచ్చిన సుబ్బులక్ష్మి, సదాశివం దంపతులు 1970ల చివరి నాటికి ఆర్థికంగా ఇబ్బంది పడ్డారు. దేవస్థానముల కార్యనిర్వహణాధికారి పి.వి.ఆర్.కె. ప్రసాద్ వారికి సాయపడదలచారు. ఊరకే ఇస్తే పుచ్చుకొనే స్వభావం కాదు వారిది. అందువల్ల అన్నమయ్య సంకీర్తనలను ఆమె చేత పాడించి, ‘బాలాజీ పంచరత్నమాల’గా రికార్డులు వెలువరించారు.