కొడవలి కణము

ఉట్నూరు, జైనూరు ప్రాంతముల కొండగూడెములలో శీతకాలపు తెల్లవారుజామున చలి మిక్కుటముగా నుండును. అట్టి గూడెమునుండి వచ్చి ఆశ్రమపాఠశాలలో చదువుకొను పండ్రెండేండ్ల గోండు బాలు నొకనిని ఊహింపుడు. నిన్నటి సాయంకాలమంతయు అతడు కబడ్డీ ఆడినాడు. దాహమైనను నీరు త్రాగలేదు. రాత్రి పలుచని దుప్పటి కప్పుకొని పడుకొన్నాడు. తెల్లవారునప్పటికి మోకాళ్లలో, నడుములో, ఛాతీలో భరింపరాని నొప్పి. ఒంటిపై గాయము లేదు, దెబ్బ లేదు. పాఠము తప్పించుకొనుటకు సాకు చెప్పుచున్నాడని తోటివారనుకొందురు. ఒక్కొక్కప్పుడు పెద్దలును అట్లే అనుకొందురు. నిజమునకు అతని శరీరములో, కంటి కగపడని రక్తకణములు త్రోవ కడ్డముగా నిలిచియున్నవి.

ఈ సంగతి బోధపడవలెనన్న, ఆరోగ్యవంతుని రక్తము చేయు ప్రయాణమును ముందుగా తెలిసికొనవలెను. ఎదిగిన మనుష్యుని శరీరములో సుమారు 5 లీటర్ల రక్తము కలదు. గుండె నిమిషమునకు 70 సార్లకు పైగా కొట్టుకొనుచు, ఇంచుమించు ఆ నిమిషములోనే ఆ రక్తమంతయు ఒక చుట్టు తిరిగి వచ్చునట్లు చేయును. రక్తములో ఒక ఘన మిల్లీమీటరునకు దాదాపు 50 లక్షల ఎఱ్ఱకణములుండును. ఇవి ఎముకల మూలుగలో పుట్టి, సుమారు 120 దినములు సంచరించి, ముదిసిన పిమ్మట ప్లీహములోను కాలేయములోను నశించును. ఎఱ్ఱకణములోని హిమోగ్లోబిన్ అను పదార్థము ఊపిరితిత్తులలో ప్రాణవాయువును గ్రహించి, కండరములకు, మెదడునకు, తక్కిన భాగములకు అందించును. పాఠ్యపుస్తకములు శ్వాసక్రియను, రక్తప్రసరణమును, విసర్జనమును వేర్వేరు అధ్యాయములుగా చెప్పును. అది చదువుకొనువారి సౌకర్యము కొఱకే. శరీరమునకు ఆ అధ్యాయములు తెలియవు.

రక్తము చేరవలసిన కేశనాళికలు మిక్కిలి సన్ననివి. కొన్ని చోట్ల అవి ఎఱ్ఱకణముకన్నను ఇరుకైనవి. మెత్తని గుండ్రని కణము వంగి, సాగి, వాటిలో దూరిపోవును. ఆ మెత్తదనమే దాని ప్రాణము.

బాలుని కణములకు లేనిది అదియే. అతని హిమోగ్లోబిన్‌లో పుట్టుకతో వచ్చిన దోషమొకటి కలదు. హిమోగ్లోబిన్‌లోని ఒక గొలుసున 146 లంకెలుండగా, అందు ఆఱవ లంకె మాత్రమే మాఱినది. ఇంత చిన్న మార్పువలన, ప్రాణవాయువును విడిచిన వెంటనే ఆ హిమోగ్లోబిన్ పోగులుగా పేరుకొని కణమును వంచి, బిరుసుగా చేయును. అప్పుడది కోతకొడవలివలె అగపడును. 1910లో చికాగో నగరపు వైద్యుడు జేమ్స్ హెరిక్ ఒక విద్యార్థి రక్తములో ఈ ఆకృతిని చూచినట్లు ప్రకటించెను. దోషము హిమోగ్లోబిన్‌లోనే కలదని 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు నిరూపించిరి. 1952లో నీలగిరి కొండజాతులలో ఇది కనుగొనబడినది. మధ్యభారతపు అడవులలోను, ఆదిలాబాదు గోండులలోను ఇది కలదు.

వంగిన కణములు ఇరుకుదారిలో చిక్కుకొన్నచో వెనుక వచ్చునవియు ఆగును. ఎముకకు రక్తమందదు, నొప్పి పుట్టును. ఊపిరితిత్తులలో అడ్డుపడిన శ్వాస కష్టమగును. మెదడులో అడ్డుపడిన పక్షవాతము రావచ్చును. ఈ కణములు 120 దినములు జీవింపవు. పది ఇరువది దినములలోనే నశించును. మూలుగ ఎంత శ్రమపడినను ఆ లోటు తీఱదు; రక్తహీనత కలుగును. చచ్చిన కణముల వర్ణద్రవ్యము మిగిలి కన్నులు పచ్చబడును. ప్లీహము బాల్యములో ఉబ్బి, క్రమముగా చెడి, రోగక్రిములతో పోరాడు శక్తిని కోల్పోవచ్చును. మూత్రపిండములు నీటిని నిలుపజాలవు. మూత్రము అధికముగా పోవును, శరీరమెండును, ఎండినకొలది కణములు మఱింత వంగును.

ఇంత కీడు చేయు దోషము అడవిజాతులలో తరతరములుగా ఏల నిలిచినది? సమాధానము మలేరియాలో కలదు. మలేరియా క్రిమి దోమలో పెరుగుట 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ కనుగొన్న సంగతి పలువు రెఱుగుదురు. ఆ క్రిమి మనుష్యునిలో ఎఱ్ఱకణములందే పెరుగును. తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రమే ఈ దోషమును పొందినవారు సాధారణముగా ఆరోగ్యముగా నుందురు. పైగా వారికి తీవ్రమైన మలేరియావలన ప్రాణభయము తక్కువ. తూర్పు ఆఫ్రికాలో పరిశోధించి 1954లో ఆంథొనీ ఆలిసన్ ఈ విషయమును చూపెను. ఇద్దరినుండియు పొందినవారికి ఆ రక్షణ లేదు. వారికి మలేరియా మిక్కిలి ప్రమాదకరము.

దోషవాహకులగు ఇద్దరికి వివాహమైనచో, పుట్టు ప్రతి శిశువునకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశము కలదు. మొదటి బిడ్డకు వచ్చినది గనుక తరువాతి ముగ్గురికి రాదని కొందఱు లెక్కవేయుదురు. అది పొరపాటు, ప్రతి కాన్పునకు లెక్క మొదటికి వచ్చును. గోండులు తాము కొలుచు దేవతల సంఖ్యనుబట్టి నాలుగు, ఐదు, ఆఱు, ఏడు దేవతలవారుగా ఏర్పడి యున్నారు. ఒకే సంఖ్యవారు అన్నదమ్ములు. వారిలో వారికి పెండ్లి లేదు. వివాహమున వంశములను ఇంత శ్రద్ధగా చూచు జనులకు రక్తమును చూచుట క్రొత్త మాట కానేరదు. కాని దేవతల సంఖ్య వేఱైన రెండు కుటుంబములలోను దోషమగపడవచ్చును. దానిని పరీక్ష యొక్కటే తెలుపగలదు. 2023 జూలై 1న భారతప్రభుత్వము ఈ వ్యాధి నిర్మూలనకై జాతీయ కార్యక్రమము నారంభించి, గిరిజన ప్రాంతములలో పరీక్షలు చేయించుటకు పూనుకొన్నది.

బాలునికి వైద్యులు హైడ్రాక్సీయూరియా అను మందు నిత్యము వాడింతురు; అది నొప్పులను తగ్గించును. జ్వరము వచ్చినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. చలికి మందమైన దుప్పటి, ఆటలో నడుమ నడుమ విశ్రాంతి కావలెను. అతని ప్రక్కన నీళ్లచెంబు ఎల్లప్పుడు నుండవలెను. తరగతి జరుగుచుండగా త్రాగినను, పలుమార్లు బయటికి పోవుటకు సెలవడిగినను ఉపాధ్యాయుడు కారణమడుగక పంపవలెను.