వ్యాధి తగ్గిన పిమ్మట సంగీతము

శరీరమునకు కలిగిన వ్యాధి తగ్గినంత మాత్రమున మనస్సునకు కలిగిన వ్యథ కూడ తగ్గునా? మా మేనత్తకు రొమ్ము క్యాన్సర్ నయమైనదని వైద్యులు చెప్పిన దినమున మేమందరము సంతోషించితిమి. ఆమె మాత్రము మౌనముగా నుండెను. పరీక్షకు పోవలసిన తేదీ దగ్గర పడినచో ఆమెకు నిద్ర పట్టెడిది కాదు. "బాగైనది గదా, ఇంకేమి భయము?" అని మేము పలుమార్లు అంటిమి. అట్లనుట పొరపాటని తరువాత తెలిసికొంటిమి. వ్యాధి తిరుగబెట్టునేమోనను భయము చికిత్స ముగించుకొన్నవారిలో సర్వసాధారణము. అది పిరికితనము కాదు.

ఇట్టివారికి తోడ్పడు సాధనములలో సంగీత చికిత్స యొకటి. సంగీతము మనస్సును ఊరడించునని పూర్వు లెరుగుదురు. టర్కీలోని ఎడిర్నే నగరమున 1488లో సుల్తాన్ రెండవ బయజీద్ కట్టించిన వైద్యశాలలో రోగులకు సంగీతము వినిపించెడివారని 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ వ్రాసెను. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అమెరికాలో గాయపడిన సైనికుల వైద్యశాలలలో సంగీతమును వినియోగించిరి. పిదప అది శిక్షణ గల వృత్తియై, 1950లో అచ్చట జాతీయ సంఘ మేర్పడినది.

రికార్డు పెట్టి వినుట వేరు, సంగీత చికిత్స వేరు. శిక్షణ పొందిన చికిత్సకుడు ముందుగా ఎదుటివారి మాట వినును. వారికి ఇష్టమైన పాట యేదో, బాధ కలిగించు పాట యేదో అడిగి తెలిసికొనును. మందు ఎక్కించునాడు విన్న పాట మరల చెవిని పడినచో ఆనాటి వికారము తిరిగి కలుగవచ్చును గదా! పిమ్మట కలిసి పాడుట, వాద్యము వాయించుట, స్వయముగా పాట కట్టుట జరుగును. మాటలకు లొంగని భయము పాటలో వెలికి వచ్చుటకు వీలు కలుగును.

దీనికి పరిశోధనల ఆధారము కొంత కలదు. వేల్స్ దేశమున క్యాన్సర్ గలవారును, వారిని సాకువారును, ఆప్తులను పోగొట్టుకొన్నవారును కలిసి పాడు బృందములు కలవు. అట్టి 193 మందిని పరీక్షించి 2016లో ప్రకటించిన పరిశోధనలో, 70 నిమిషములు పాడిన పిమ్మట వారి మనఃస్థితి మెరుగుపడినట్లును, ఒత్తిడిని సూచించు కార్టిసాల్ తగ్గినట్లును తేలినది. 5,576 మంది పాల్గొనిన 81 ప్రయోగములను 2021లో కాక్రేన్ సమీక్ష పరిశీలించినది. పెద్దలలో ఆందోళన, క్రుంగుబాటు, నొప్పి, అలసట తగ్గుటకు సంగీతము తోడ్పడవచ్చునని అది తెలిపినది. ఆధారముల బలము తక్కువని కూడ హెచ్చరించినది.

కావున సంగీతము క్యాన్సరును నయము చేయునని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. దానిని నమ్మి మందులు గాని, పరీక్షలు గాని మానుట ప్రాణాపాయము. క్రుంగుబాటు తీవ్రమైనచో మానసిక వైద్యుని చూడవలెను.

ఒకనాటి సాయంకాలము మా మేనత్త మనుమరాలి ఊయల నూపుచు జోలపాట ఎత్తుకొనెను. అది చికిత్స కాదు. కాని ఎన్నో నెలలకు విన్న ఆ గొంతు మమ్ము గడపలోనే నిలిపినది. పాట ముగిసిన పిదప తన భయమును ఆమె తొలిసారి మాతో చెప్పెను. ఈసారి మేము ధైర్యము చెప్పలేదు; విన్నాము.

విద్యార్థులారా! మీ యింట ఇట్టివారున్నచో "ఇంకేమి భయము?" అనకుడు. వారి కిష్టమైన పాట యేదో అడుగుడు. వారు పాడినచో వినుడు. పాడకున్నను ప్రక్కన కూర్చుండుడు.