దోసిట్లో నీళ్లు

చి. శ్రావణికి,


నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కొత్తగా చేరిన అమ్మాయి ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండుచేపల కూర వాసన భరించలేమని, అందరూ కలిసి ఆమెను మెస్సులో చివరి బల్లకు పంపేశారని రాశావు. నీకు బాధేసినా నోరు మెదపలేదన్నావు. పాపం, పుణ్యం మనుషులు పెట్టుకున్న కట్టుబాట్లే అయితే నాకెందుకు బాధేసింది అని అడిగావు.

కట్టుబాట్లు మనం పెట్టుకున్నవే. ఆ బాధ మాత్రం వాటికన్నా చాలా పాతది తల్లీ.

ఇరాక్‌లోని కుర్దుల కొండల్లో శనిదార్ అనే గుహ ఉంది. 1957లో రాల్ఫ్ సొలెకి అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ ఒక నియాండర్తల్ మగమనిషి ఎముకలు వెలికితీశాడు. నియాండర్తల్ అంటే మనకు దాయాది జాతి. ఎప్పుడో తగిలిన దెబ్బకు అతని ఎడమ కంటి గూడు చితికిపోయింది, ఆ కన్ను కనిపించి ఉండదు. కుడి చెయ్యి మోచేతి దగ్గర నుంచి లేదు, మిగిలిన ఎముక చిక్కి సన్నబడిపోయింది. కాలు కుంటి. చెవుల్లో ఎముక పెరిగి వినికిడి కూడా బాగా తగ్గి ఉంటుంది. వేటాడితేనే తిండి దొరికే రోజుల్లో అలాంటివాడు, దెబ్బలన్నీ మానాక కూడా ఏళ్ల తరబడి బతికి, నలభై ఏళ్ల వయసు దాకా ఉన్నాడు. ఎవరో అన్నం పెట్టారు, ఎవరో కాచుకున్నారు. ఇది జరిగి నలభై వేల ఏళ్లకు పైమాటే. అప్పటికి ఏ ధర్మశాస్త్రమూ పుట్టలేదు.

కలిసి బతికే గుణం, బిడ్డల మీద ప్రేమ ఉన్న ఏ జంతువుకైనా మనిషంత బుద్ధి వస్తే మంచిచెడ్డల ఎరుక కూడా వచ్చి తీరుతుందని డార్విన్ 1871లోనే రాశాడు. మనిషి బిడ్డను పెంచడానికి తల్లి ఒక్కతే చాలదు, అమ్మమ్మలు, పిన్నులు, అక్కలు తలో చెయ్యి వేస్తేనే బతికి బట్టకట్టిందని మానవ శాస్త్రవేత్త సారా హర్డీ అంటుంది. నాకు అన్నిటికన్నా ఆ మాటే నమ్మబుద్ధవుతుంది. జర్మనీలో చేసి 2006లో వెలువరించిన ఒక పరిశోధనలో ఏడాదిన్నర పిల్లల ముందు ఒకాయన రెండు చేతులా పత్రికలు పట్టుకుని, మూసి ఉన్న బీరువాకు తగులుకుంటూ నిలబడ్డాడు. ఎవరూ చెప్పకుండానే పిల్లలు బుడిబుడి అడుగులతో వెళ్లి తలుపు తీశారు. నీ మనసు చివుక్కుమన్నదీ అక్కడి నుంచే.

అయితే దాన్నే నమ్ముకుని ఊరుకోకు. మా నాయనమ్మను నువ్వు చూడలేదు. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా గంజి కాచి పంపేది. అదే మనిషి, మా పాలేరు దాహమంటే గడపవతల కూర్చోబెట్టి, చెంబు ఎత్తి పట్టుకుని పైనుంచి అతని దోసిట్లోకి నీళ్లు పోసేది. మోచేతుల మీదుగా సగం నీళ్లు మట్టిలోకి కారిపోయేవి. రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసి అప్పటికి ఇరవై ఏళ్లు. నాకు పదేళ్లు. రోజూ చూశాను, తప్పనిపించలేదు. ఇప్పటికీ ఆ సిగ్గు నన్ను వదల్లేదు.

ఆవిడ దయ దొంగది కాదు. చిన్న చిన్న గుంపుల్లో, కలిసి తిన్నవాళ్ల మధ్య పుట్టిన జాలి అది. గుంపు అవతలి మనిషి దానికి ఆనడు. అక్కడ బుద్ధి పూనుకోవాలి, ఒక్కోసారి చట్టం పూనుకోవాలి. నీకు జాలి పుట్టినప్పుడు దాన్ని చాదస్తమని నొక్కెయ్యకు. పుట్టనప్పుడు మాత్రం, ఎవరి విషయంలో పుట్టలేదో ఆగి చూసుకో. నేను ఆ పని చాలా ఆలస్యంగా మొదలుపెట్టాను.

రేపు మధ్యాహ్నం నీ కంచం పట్టుకుని ఆ చివరి బల్ల దగ్గరికి వెళ్లు. ఆ అమ్మాయి పక్కన కూర్చుని, కూర కొంచెం అడిగి వేయించుకో. ఎలా ఉందో నాకు రాయి.

పెదనాన్న