గోడ మీది ఫోటో

గోడ మీద ఒక ఫోటో ఉంది. అది తాతయ్య ఫోటో. నలుపు తెలుపు ఫోటో. దానికి అద్దం, చెక్క ఫ్రేము ఉన్నాయి. పెళ్లయిన రెండో ఏడు తాతయ్య తెనాలి వెళ్లి, స్టూడియోలో తీయించుకున్నాడు. తాతయ్య పోయి పన్నెండేళ్లయింది. వయసులో ఉండగా తీసిన ఫోటో ఇంట్లో అదొక్కటే.

మామ్మ రోజూ ఆ అద్దం తుడుస్తుంది. అద్దం మీద కుంకుమ బొట్టు పెడుతుంది. పూలదండ వేస్తుంది. అగరొత్తి వెలిగిస్తుంది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. గోడ చెమ్మగిల్లింది. ఒకరోజు మామ్మ అద్దం తుడుస్తూ ఆగిపోయింది. అద్దం లోపల తెల్లగా బూజు పట్టింది. తాతయ్య ఎడమ కన్ను కనిపించడం లేదు.

“అమ్మాయ్! మీ తాత కన్ను ఏమైందే?” అని కేక వేసింది.

మనవరాలు పరుగున వచ్చింది. ఫోటో అద్దానికి అంటుకుపోయింది. తలా ఒక మాట చెప్పారు. “తడిగుడ్డతో తుడిస్తే పోతుంది” అంది పక్కింటావిడ. “బ్లేడు పెట్టి మెల్లగా ఊడదీద్దాం” అన్నాడు మామ్మ తమ్ముడు.

మామ్మ ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. “వద్దురా, ఉన్నది కూడా ఊడొస్తుంది. తెలిసినవాళ్లనే అడుగుదాం” అంది. ఫ్రేమును పాత చీరలో చుట్టింది. మర్నాడు మామ్మా మనవరాలూ తెనాలి బస్సెక్కారు.

ఫోటోలో ఏముంది?

స్టూడియో అతను ఫ్రేమును వెలుగులో పెట్టి చూశాడు.

“మామ్మగారూ, మీరు మంచి పని చేశారు. తుడిచి ఉంటే ముఖం మొత్తం పోయేది” అన్నాడు.

“ఎందుకు బాబూ?” అని అడిగింది మామ్మ.

అతను ఇలా చెప్పాడు. పాత నలుపు తెలుపు ఫోటో ఒట్టి కాగితం కాదు. కాగితం మీద ఒక పలుచని పొర ఉంటుంది. దాని పేరు జెలటిన్. పశువుల తోలు, ఎముకల నుంచి దాన్ని తీస్తారు. అది ఒక రకం జిగురు. ఆ జిగురులో సన్నని వెండి రేణువులు ఉంటాయి. ఆ వెండి రేణువులే బొమ్మ. అవి ఎక్కువ ఉన్నచోట నల్లగా కనిపిస్తుంది. లేనిచోట తెల్లగా కనిపిస్తుంది.

చెమ్మ తగిలితే జెలటిన్ ఉబ్బుతుంది. మెత్తబడుతుంది. అద్దాన్ని అంటుకుంటుంది. బూజుకు జెలటిన్ ఆహారం. తడిగుడ్డతో తుడిస్తే బూజుతో పాటు పొర కూడా లేచిపోతుంది. పొర పోతే బొమ్మ పోయినట్టే. మళ్లీ రాదు.

“వెండా!” అని మామ్మ ఆశ్చర్యపోయింది. “మీ తాత వెండిలో ఉన్నాడే!” అంది మనవరాలితో.

ముందు నకలు, తర్వాతే మరమ్మతు

“ఇప్పుడు దీన్ని ఎలా బాగుచేస్తారు?” అని అడిగింది మనవరాలు.

“దీన్ని బాగుచెయ్యను. దీని నకలును బాగుచేస్తాను” అన్నాడు అతను. “పొలం దస్తావేజు ఉంటుంది కదా. అసలు కాగితం మీద ఎవరైనా దిద్దుతారా? దిద్దరు. ఇదీ అంతే. అసలు ఫోటో మీద కలం గానీ రంగు గానీ పెట్టకూడదు.”

అతను ఫ్రేము విప్పాడు. ఫోటోను అద్దం నుంచి ఊడదీయలేదు. అద్దంతో సహా స్కానర్ మీద పెట్టాడు. స్కానర్ అంటే కాగితాన్ని చదివి కంప్యూటర్‌లోకి పంపే యంత్రం. అంగుళానికి 600 చుక్కల లెక్కన చదివించాడు. చుక్కలు ఎన్ని ఎక్కువైతే బొమ్మ అంత వివరంగా వస్తుంది.

కంప్యూటర్‌లో తాతయ్య కనిపించాడు. అతను ఆ బొమ్మను రెండుచోట్ల దాచాడు. ఒకటి ముట్టుకోకుండా ఉంచడానికి. రెండోది పని చెయ్యడానికి.

తర్వాత పని మొదలుపెట్టాడు. ముందు పసుపురంగు తీసేశాడు. వెలిసిన నలుపును కొంచెం పెంచాడు. తర్వాత చిన్న చిన్న మచ్చలు తీశాడు. మచ్చ పక్కనే ఉన్న మంచి భాగాన్ని తీసుకుని మచ్చ మీద అతికించాడు. చిరిగిన బట్టకు అదే రంగు గుడ్డతో మాసిక వేసినట్టు. వెనకాల తెర బాగైంది. చొక్కా బాగైంది. మెడ దగ్గర పగులు పోయింది.

ఇక కన్ను మిగిలింది. అక్కడ అతికించడానికి పక్కన ఏమీ లేదు. అంతా తెల్లగా ఉంది.

అతను కుడి కన్నును, కనుబొమను తీసుకున్నాడు. అద్దంలో చూసినట్టు తిప్పాడు. ఎడమవైపు అతికించాడు.

“చూడండి మామ్మగారూ” అన్నాడు.

“ఈయన ఆయన కాదు”

మామ్మ చాలాసేపు చూసింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

“బాగుంది బాబూ. కానీ ఈయన ఆయన కాదు” అంది.

అతను చిన్నబుచ్చుకోలేదు. “ఎక్కడ తేడా ఉందో చెప్పండి” అని కుర్చీ దగ్గరికి జరిపాడు.

“ఎడమ కనుబొమకు గాటు ఉండేది. చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడ్డారు. అక్కడ వెంట్రుకలు మళ్లీ రాలేదు” అంది మామ్మ.

అతను బొమ్మను పెద్దది చేసి చూశాడు. అప్పుడు ఇంకో తప్పు కూడా కనిపించింది. తాతయ్య కుడి కంట్లో చిన్న వెలుగు చుక్క ఉంది. అది ముక్కు వైపు ఉంది. కన్నును తిప్పి అతికించాక ఎడమ కంట్లో కూడా చుక్క ముక్కు వైపే వచ్చింది. అలా ఉండదు. వెలుగు ఒక పక్క నుంచి పడితే రెండు కళ్లలోనూ చుక్క ఒకే పక్కకు ఉంటుంది. అందుకే చూపు తేడాగా కనిపించింది.

“మనిషి ముఖంలో కుడి ఎడమలు ఒకేలా ఉండవు. ఆయన ఫోటో ఇంకోటి ఉందా?” అని అడిగాడు.

మామ్మ ఆలోచించింది. మనవరాలికి గుర్తొచ్చింది. “పొలం పాస్‌బుక్కులో ఉంది కదా నాయనమ్మా!” అంది.

రెండు రోజులాగి పట్టాదారు పాస్‌బుక్కు తెచ్చారు. అందులో తాతయ్య ఫోటో చిన్నది. ముసలితనంలో తీసింది. ఆఫీసు ముద్ర చొక్కా మీద పడింది. ముఖం మీద పడలేదు. ఎడమ కనుబొమ మీద గాటు స్పష్టంగా ఉంది.

అతను ఆ గాటును చూసి కొత్త బొమ్మలో గాటు పెట్టాడు. ముసలితనపు ముడతలు మాత్రం తీసుకోలేదు. ఎడమ కంట్లో వెలుగు చుక్కను సరిగా మార్చాడు. కనుబొమ చివర ఎత్తుగా వచ్చింది. “కొంచెం కిందికి” అంది మామ్మ. “ఇంకొంచెం.” అతను దించాడు.

“ఆఁ” అంది మామ్మ. తర్వాత ఏమీ మాట్లాడలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“ఫోనులో యాప్‌లు ఉన్నాయి కదండీ. ఒక్క నిమిషంలో బాగుచేస్తాయట” అంది మనవరాలు.

“చేస్తాయమ్మా. మచ్చలు, గీతలు బాగా తీస్తాయి. కానీ లేని కన్నును అవి ఊహించి పెడతాయి. వాటికి మీ తాతగారు తెలియదు. ఎన్నో ముఖాలు చూసి నేర్చుకున్నవి కాబట్టి ఒక అందమైన కన్ను పెడతాయి. నేనూ మొదట అలాంటి తప్పే చేశాను. ఏ పనిముట్టుతో చేసినా, మనిషిని ఎరిగినవాళ్లు పక్కన కూర్చోవాలి” అన్నాడు అతను.

పెట్టె మీద పేరు

కొత్త ఫోటో తయారైంది. అతను దాన్ని ఫ్రేములో పెట్టాడు. అద్దానికీ ఫోటోకీ మధ్య చుట్టూ అట్ట చట్రం పెట్టాడు. ఇక ఫోటో అద్దాన్ని తగలదు.

పాత ఫోటోను పారెయ్యలేదు. అద్దంతో సహా శుభ్రమైన తెల్లకాగితంలో చుట్టాడు. అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు.

“మూత మీద మూడు సంగతులు రాయండి. ఎవరి ఫోటో? ఎప్పుడు, ఎక్కడ తీశారు? కొత్తదాంట్లో ఏం బాగుచేశారు? రాయకపోతే యాభై ఏళ్ల తర్వాత ఈయన ఎవరో మీ ఇంట్లోనే తెలియదు” అన్నాడు. “తాతగారి పేరు చెప్పండి, రాస్తాను.”

మామ్మ మాట్లాడలేదు. మనవరాలు నవ్వింది. “మా నాయనమ్మ తాతయ్య పేరు పలకదండీ. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంతే” అంది.

మామ్మ చెయ్యి చాపింది. “పెన్సిలు ఇలా ఇవ్వు బాబూ” అంది. నిరుడే ఆమె సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకుంది.

ఒక్కొక్క అక్షరమే రాసింది. పాస్‌బుక్కు చూసుకోలేదు. మొదటి వరసలో తాతయ్య పేరు రాసింది. రెండో వరసలో “తెనాలి. మా పెళ్లయిన రెండో ఏడు” అని రాసింది. మూడో వరసలో “కొత్త ఫోటోలో ఎడమ కన్ను బాగుచేసినది” అని రాసింది.

నోటితో ఎన్నడూ పలకని పేరు అది. మామ్మ దాన్ని చూపుడు వేలితో ఒకసారి తడిమింది. పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది.

మీకు తెలుసా?

* వెండి పూసిన రాగి రేకు మీద ఫోటో తీసే పద్ధతిని ఫ్రాన్సు దేశపు డాగేర్ కనిపెట్టాడు. 1839లో అది లోకానికి తెలిసింది.
* రాజా దీన్‌దయాళ్ పేరుపొందిన ఫోటోగ్రాఫర్. 1844లో పుట్టి 1905లో చనిపోయాడు. హైదరాబాదు నిజాం కొలువులో పనిచేశాడు. సికింద్రాబాదులో ఆయనకు స్టూడియో ఉండేది. అప్పట్లో ఫోటోలు గాజు పలకల మీద తీసేవారు. ఆయన గాజు పలకలు ఎన్నో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి.

చెయ్యవలసినవి

1. ఫోటోను చెమ్మ లేని గోడకు తగిలించండి.
2. బొట్టు అద్దం మీదే పెట్టండి. తడి పూలదండ వెయ్యకండి. నీళ్లు ఫ్రేములోకి దిగుతాయి.
3. విడి ఫోటోలను కాగితం కవర్లలో దాచండి.
4. కవరు ఖాళీగా ఉన్నప్పుడే దాని మీద పేరు రాయండి. తర్వాత ఫోటో పెట్టండి.
5. వానకు ఫోటోలు తడిస్తే, తడిగా ఉండగానే మెల్లగా విడదీయండి. బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టండి.

చెయ్యకూడనివి

1. బొమ్మను తడిగుడ్డతో తుడవకండి. వేలితో రుద్దకండి.
2. అద్దానికి అంటుకున్న ఫోటోను లాగకండి.
3. చిరిగిన ఫోటోకు సెల్లోటేపు అంటించకండి. దాని జిగురు మరక చేస్తుంది.
4. తడిసిన ఫోటోలను ఎండలో పెట్టకండి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి.
5. నకలు వచ్చింది కదా అని అసలు ఫోటో పారెయ్యకండి.

మాటలు – అర్థాలు

చెమ్మ = తడి
నకలు = అసలుకు ప్రతి
రేణువు = చాలా చిన్న కణం
మాసిక = చిరుగు మీద కుట్టే గుడ్డ ముక్క

జవాబులు చెప్పండి

1. మామ్మ ఫోటోను ఎందుకు తుడవనివ్వలేదు?
2. అసలు ఫోటోను కాకుండా నకలును ఎందుకు బాగుచేశారు?
3. “ఈయన ఆయన కాదు” అని మామ్మ ఎందుకంది?
4. పాస్‌బుక్కు ఎలా ఉపయోగపడింది?

చేసి చూడండి

మీ ఇంట్లో పాత ఫోటో ఒకటి తియ్యండి. అందులో ఉన్నది ఎవరో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. వాళ్ల పేరు, ఊరు, ఫోటో తీసిన ఏడు ఒక కవరు మీద మీ చేత్తో రాయండి.