ఆ ఎస్టేట్‌కు రంగు వేయించకండి

ప్రశ్న: మా మేనమామగారి 1996 టాటా ఎస్టేట్ పదిహేనేళ్లుగా షెడ్డులోనే ఉంది. 41 వేల కిలోమీటర్లే తిరిగింది. రంగు వేయించి అమ్మితే మంచి ధర వస్తుందా?
– ఒక పాఠకుడు, వెలుగోడు

జవాబు: దయచేసి రంగు జోలికి వెళ్లకండి. 1992లో టాటావాళ్లు తెచ్చిన ఈ స్టేషన్ వ్యాగన్ మనవాళ్లకు పెద్దగా ఎక్కలేదు. అందుకే నేడు మంచి స్థితిలో దొరకడం అరుదు. పాత కార్లు సేకరించేవారు వెతికేది కంపెనీ వేసిన రంగు, అసలు సీట్లు, అసలు అద్దాల కోసమే. ఒక్కసారి స్ప్రే కొట్టిస్తే ఆ విలువ మళ్లీ రాదు. దుమ్ము కడిగి, చేత్తో పాలిష్ పెడితే చాలు.

తక్కువ తిరిగిందనడానికి రుజువు కావాలి. మీటరు అంకె ఒక్కటే చాలదు. క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరుపై గాట్లు అరగకుండా ఉన్నాయేమో చూడండి. సర్వీసు పుస్తకం, పాత బిల్లులు భద్రపరచండి.

ఇప్పుడే తాళం తిప్పకండి. పాత డీజిల్ జిగురు కట్టి పంపును, ఇంజెక్టర్లను దెబ్బతీస్తుంది. ముందు ట్యాంకు ఖాళీ చేయించి కడిగించండి. ఫిల్టర్లు, ఇంజనాయిలు, కూలెంటు, బ్రేకాయిలు, రబ్బరు గొట్టాలు మార్పించండి. ఎలుకలు వైర్లు కొరికాయేమో, కార్పెట్ కింద తుప్పు పట్టిందేమో చూడండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు నిండాలి, కాబట్టి మీకది వర్తించదు. 15 ఏళ్ల గడువు దాటింది గనుక నంద్యాల రవాణా కార్యాలయంలో ఫిట్‌నెస్ చేయించి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించండి. కాగితాలు సరిగా ఉండి, సొంతంగా నడిచే బండికే గౌరవమైన ధర పలుకుతుంది.